ఎరతొట్టి సందులో మూట

దుబాయ్ వెళ్ళి వచ్చినదాన్ని కదా, ఊళ్ళో అందరూ అడుగుతారు, అక్కడ ఏం చేశావని. ఇళ్ళల్లో పని చేశాను అంటే తలూపి ఊరుకుంటారు. షెడ్డులో సీట్లు కుట్టాను అంటే కాస్త ఆగి చూస్తారు. మంచు మీద కూర్చుని చేపలు పట్టే ఇంటికి, ఎర చేపలు దాచుకునే తొట్టి మీద మెత్తటి మూత కుట్టాను అంటే మాత్రం నమ్మరు. నేనూ మొదట నమ్మలేదు. ఆ నమ్మకపోవడం వల్ల ఏం జరిగిందో, మీలో గల్ఫ్‌కు బయల్దేరే ఆడపిల్లల కోసం రాస్తున్నాను. నాకు అక్షరాలు వచ్చింది యాభై దాటాక. కరోనాలో గదిలో కూర్చోబెట్టినప్పుడు, పక్క మంచం నెల్లూరు అమ్మాయి అట్టపెట్టెల మీద రాసి నేర్పింది.

అనుమానపడడం మాత్రం అంతకంటే చాలా ముందే నేర్చుకున్నాను. మొదటి ఏళ్ళల్లో నేను ఖద్దామాను, అంటే ఇంటి పనిమనిషిని. మా మేడమ్ తన ఉంగరం వాష్‌బేసిన్ దగ్గర మరిచిపోయినట్టు పెట్టి వెళ్ళేది. పదే పదే అదే చోట మరిచిపోతుంటే, అది మరుపు కాదని అర్థమైంది. అప్పటి నుంచి ఆ ఇంట్లో నేల మీద పడిన గుండీని కూడా ఆవిడను పిలిచి చూపించాకే తీసేదాన్ని.

ఆ తరవాత మా గదిలో ఉండే ఒకావిడ సెలవు నుంచి తిరిగి వస్తూ, ఎవరో ఇచ్చిన మసాలా పొట్లం తెచ్చింది. దాంట్లో గసగసాలున్నాయి. మనకు అవి కూరలో వేసుకునేవి. అక్కడ మత్తుమందు కింద లెక్క. విమానాశ్రయంలోనే పట్టుకున్నారు. ఆవిడకు ఆ సంగతి తెలియదని చివరికి ఒప్పుకున్నారు గానీ, అంతదాకా దేశం దాటనివ్వలేదు. ఈలోగా ఇంట్లో జరగవలసిన పెళ్ళి ఆవిడ లేకుండానే జరిగిపోయింది. ఆ రోజు నుంచి నేను ఎవరి మూటా ముట్టుకోలేదు. పసుపు పొట్లం ఇచ్చినా తిరిగి ఇచ్చేసేదాన్ని. నాకు గర్వమని కొందరన్నారు. అననిచ్చాను.

ఇళ్ళ పని మానేశాక అల్ ఖూజ్‌లో గోదాముల మధ్య ఒక షెడ్డులో చేరాను. కాపలావాళ్ళు కూర్చునే క్యాబిన్లు, టీ బండ్లు, రోడ్డు పనుల దగ్గర పెట్టే మరుగుదొడ్లు ఫైబర్‌తో చేసేవాళ్ళు అక్కడ. నాది మూలన కుట్టుమిషను. సీట్లకు తొడుగులు, కిటికీలకు తెరలు కుట్టేదాన్ని. మగవాళ్ళ మధ్య ఆడమనిషిని నేనొక్కదాన్నే. ఫోర్‌మన్ కడపవైపు ముస్లిం, అందరూ భాయ్ అనేవాళ్ళు. వడ్రంగి మా గోదావరి జిల్లా వాడు, రాజోలు దగ్గర. నన్ను అక్కా అనేవాడు. పైన ముదీర్, అంటే మేనేజరు. ఆయన ఏ ప్రాంతం వాడో రాయను. తిట్టేది మాత్రం హిందీలో.

ఒకసారి కొత్త టీ బండి తయారైనప్పుడు మా వడ్రంగి దాని చక్రం దగ్గర కొబ్బరికాయ కొట్టాడు. చిప్ప ఎగిరిపడి, అప్పుడే మెరుగుపెట్టిన ఫైబర్ మీద గాటు పడింది. ముదీర్ ఆ గాటును బొటనవేలితో తడిమి చూశాడు.

"పూజా గీజా ఖలాస్! ఆజ్ సే కుఛ్ నహీ!" అన్నాడు.

అప్పటి నుంచి షెడ్డులో నిమ్మకాయ కూడా కనబడకూడదు. ఆ మాట గుర్తుంచుకోండి.

కరోనా సద్దుమణిగాక వచ్చిన వేసవిలో ఒక తెల్లాయన ఆర్డరు తెచ్చాడు. దుబాయ్‌లో ఏళ్ళుగా ఉంటున్న ఇంజనీరట. ఇక్కడ ఇల్లు చేయించుకుని, ఓడలో తన దేశానికి పంపుకుంటాడట. టీ తాగుతూ భాయ్ మాకు వివరించాడు.

"శీతాకాలం వాళ్ళ దేశంలో చెరువు గడ్డకడతాదంట. ఈ ఇల్లు ఈడ్చుకోనిపోయి ఆ గడ్డ మీద పెడతాడు. కింద బొక్క తోడి, లోపల కూచోని గాలమేస్తాడు."

"గడ్డ విరిగితేనో?" అన్నాను.

"ఆయప్ప మునుగుతాడు. మనకేమి, తయారుచేసిచ్చేదే మన పని."

వడ్రంగి నా వైపు వంగాడు. "వింటున్నావా అక్కా? నీళ్ళ మీద ఇల్లంట. నిన్నగాక మొన్న పుట్టాం అనుకుంటున్నాడేమో మనల్ని. చేపలు కావాలంటే మార్కెట్టుకెళ్ళి కొనుక్కోడా?"

ఆ ఇంటి నేలకు మూతలున్న రెండు గుండ్రటి కన్నాలు. వాటి మధ్య, కూర్చునే బల్ల కింద, నేలలోకి దిగిన తొట్టి. గాలానికి గుచ్చే చిన్న చేపలను అందులో బతికించుకోవాలట. నీళ్ళు గడ్డకట్టకుండా తొట్టికి రెండు గోడలు, గోడల మధ్య నాలుగు వేళ్ళు పట్టే సందు, ఆ సందు నిండా, నురగలా పోస్తే గట్టిపడే ఫోమ్. నీళ్ళలోకి గాలి కొట్టడానికి చిన్న మోటారు. తొట్టి మూతే పైన కూర్చునే సీటు. అంటే బల్ల మీద కూర్చున్న మనిషిని చూస్తే, కింద తొట్టి ఉందని ఎవరికీ తెలియదు.

మా కాలవల దగ్గర ఎర అంటే చిల్లులు పెట్టిన కుండలో బతికున్న రొయ్యలు. కుండకు తాడు కట్టి నీళ్ళలో వదిలేస్తారు. ఎరకు రెండు గోడలెందుకు? పైన మెత్త ఎందుకు? గోడల మధ్య సందు ఉన్న పెట్టె ఏది చూసినా, దొంగసరుకు దాచడానికే అని తోస్తుంది నాకు.

ఇది చాలదన్నట్టు, ఒక రోజు తెల్లాయన నా మిషను దగ్గరకు వచ్చి సంచిలోంచి లావుపాటి చేతొడుగులు తీసి వేసుకున్నాడు. బయట ఎండకు షెడ్డు రేకులు చిటపటమంటున్నాయి. ఆ తొడుగుల చేత్తో మూత ఎత్తగలిగేలా వెడల్పు పట్టీ కుట్టాలని సైగలతో చెప్పాడు. కిటికీలకు నల్లగుడ్డ తెరలు కావాలన్నాడు. చుక్క వెలుతురు కూడా లోపలికి రాకూడదట.

ఆయన వెళ్ళగానే వడ్రంగి వచ్చేశాడు. "చేతొడుగులు ఎందుకో తెలిసిందా?"

"నువ్వే చెప్పు."

"వేలిముద్రలు పడకుండా."

"మరి తెరలు?"

"అదీ నేనే చెప్పాలా నీకు? ఇన్నేళ్ళు ఈ దేశంలో ఏం చేశావక్కా నువ్వు!"

వాడు నవ్వుతూ అన్నాడు. నేను నవ్వలేకపోయాను. మా అమ్మాయికి రెండో కాన్పు దగ్గర పడుతోంది. మొదటి కాన్పుకు కరోనా అడ్డొచ్చి వెళ్ళలేకపోయాను. పుట్టిన బిడ్డను ఫోన్‌లో చూశాను. ఈసారి వీసా రద్దు చేయించుకుని ఇక పూర్తిగా ఇంటికి వెళ్ళిపోతానని చెప్పాను. ఈ ఇల్లు అయిపోగానే పంపిస్తానని ముదీర్ ఒప్పుకున్నాడు, టికెట్టు కూడా తీశారు. ఈలోగా ఏ కేసులోనైనా నా పేరు వినబడితే, విమానాశ్రయంలో ఆపేస్తారు. గసగసాల ఆవిడను ఆపినట్టే.

తొట్టి రెండు గోడలూ నిలబెట్టాక తెల్లాయన మరో మాట చెప్పి వెళ్ళాడు. తను వచ్చి స్వయంగా చూసేదాకా సందులో ఫోమ్ పోయకూడదు. ఒక పక్క తెరిచే ఉంచాలి. అంతే, నాకు అన్నం సయించలేదు. ఫోమ్ పోస్తే ఆ సందు ఇక ఎప్పటికీ తెరుచుకోదు. అది మూసేముందు తను రావాలంటే, లోపల పెట్టేదేదో ఉండాలి కదా.

మర్నాడు ఆయన వస్తాడనగా, మధ్యాహ్నం అందరూ తిని ఫ్యాన్ల కింద ఒరిగారు. మూత కొలత మరోసారి సరిచూద్దామని ఆ ఇంట్లోకి వెళ్ళాను. తెరిచి ఉంచిన పక్క నుంచి ఫోన్ లైటు వేసి సందులోకి చూశాను.

అడుగున చిన్న మూట ఉంది. నిమ్మకాయంత ఉంటుంది. ఎర్రగుడ్డ. అది నేను ఒక హోటలు కుర్చీలకు కుట్టగా మిగిలిన గుడ్డ ముక్క. దాన్ని కట్టిన తెల్లదారం లావుది, రెక్సిన్ కుట్టడానికి వాడేది. ఆ షెడ్డులో ఆ దారం నా దగ్గర తప్ప ఎక్కడా ఉండదు.

నేను దాన్ని ముట్టుకోలేదు. బయటికి వచ్చి మిషను ముందు కూర్చుని, కాలు తొక్కుతున్నాను గానీ సూది కింద గుడ్డ లేదు.

ఎవరికి చెప్పాలి? భాయ్‌కి చెబితే, ఆ మూట భాయ్‌దే అయితే? ముదీర్‌కి చెబితే, ఆయనదే అయితే? ఆ రోజు ముదీర్ ఫోన్ మాట్లాడుతూ ఆ ఇంటి చుట్టూ తిరగడం చూశాను. రోజూ మాట్లాడుతూ తిరిగే మనిషే. ఆ రోజు మాత్రం నా కళ్ళకు అది పహరాలా కనబడింది.

ముందు భాయ్‌ని కదిపి చూద్దామనుకున్నాను. "భాయ్, ఆ సందులో ఫోమ్ తప్ప ఇంకేమైనా పోస్తారా?"

"ఇంకేం పోస్తాం, సాంబారా?" అన్నాడు. తరవాత, "నువ్వు బిరీన మూత ముగించమ్మా. రేపు పోసేస్తే పని అయిపోతాది, నువ్వు టికెట్టు పట్టుకోని పోదువు" అన్నాడు.

నన్ను పంపించేయాలని ఈయనకెందుకింత తొందర? నేను వెళ్ళిపోయాక దారం ఎవరిదని అడిగితే, జవాబు చెప్పే మనిషే ఉండదు కదా. మంచి మనిషి మాటను కూడా ఇలా తిప్పి తిప్పి చూడగలదు బుర్ర. ఆ రోజు నాది ఆగకుండా తిరిగింది.

వడ్రంగిని అడిగాను. "తమ్ముడూ, ఆ తొట్టి దగ్గర ఎవరైనా తచ్చాడుతుంటే చూశావా?"

"ఎవరుంటారక్కా? కొలత తీసుకున్నావు కదా, ఇక దాని జోలికి వెళ్ళకు" అన్నాడు. మాట తిన్నగానే ఉంది. చెవి మీద పెన్సిలు మాత్రం కింద పడింది. వీడూ చూశాడు, ఎవరో బెదిరించారు అనుకున్నాను. పాపం అని జాలి కూడా పడ్డాను.

తీసి చెత్తలో పారేద్దామా అంటే, పెట్టినవాళ్ళు వెతుక్కుంటారు. చేతికి తగిలిన క్షణం నుంచి అది నాది అవుతుంది. ఊరుకుందామా అంటే, ఓడ దగ్గర ఎవరైనా పట్టుకుంటే పైన మూత నాది, గుడ్డ నాది, దారం నాది. ఎటు చూసినా నా దగ్గరికే వస్తోంది.

మర్నాడు తెల్లాయన వచ్చాడు. చేతిలో టార్చి లైటు, పొడుగాటి తీగ. ముదీర్ వెనకాలే. భాయ్ రెండు డబ్బాల్లో రెండు రకాల ద్రావకాలు సిద్ధం చేసుకున్నాడు. ఆ రెండూ కలిశాయంటే నురగ పొంగి నిమిషాల్లో రాయిలా బిగుసుకుంటుంది. ఇక ఎవరూ ఆపలేరు. భాయ్ ఒక డబ్బా ఎత్తి రెండోదాని మీదికి వంచబోయాడు.

"ఆగండి భాయ్. సందులో ఏదో ఉంది" అన్నాను.

అందరూ నా వైపు తిరిగారు. ముదీర్ వంగి లైటు వేసి చూశాడు. ఆయన ముఖం రంగు మారింది. భాయ్ తీగకు కొక్కెం వంచి ఆ మూటను పైకి లాగి, వడ్రంగి బల్ల మీద పెట్టాడు. అందరూ ఒక అడుగు వెనక్కి వేశారు. ముదీర్ దారాన్ని చూశాడు. తరవాత నా మిషను మీది దారపు కండెను చూశాడు.

"యే ధాగా తేరా హై నా?"

"ధాగా మేరా. కపడా భీ మేరా. రఖా మై నహీ సాబ్." దారం నాదే, గుడ్డా నాదే, పెట్టింది మాత్రం నేను కాదన్నాను.

"తో కిస్నే రఖా?"

మరెవరు పెట్టారంటే నాకేం తెలుసు? చూపించినదాన్ని నేనే కాబట్టి దొంగను కాకూడదు అనుకున్నాను. ముదీర్ మరోలా అనుకున్నాడు. దొరికిపోతానని భయపడి ముందే చెప్పేసిందన్నాడు. ఫోన్ తీసి, ఈవిడ టికెట్టు ఆపండి, పోలీసులు వచ్చి విప్పేదాకా ఎవరూ ముట్టుకోవద్దు అని ఆఫీసుకు చెప్పబోయాడు.

అప్పుడు భాయ్ ఎవరి ముఖమూ చూడకుండా, డబ్బా కింద పెడుతూ తెలుగులో అన్నాడు. "పెట్టినోళ్ళు ఎవురో చెప్పండి. ఆ మనిషి బిడ్డ కాన్పుకు పోవాల."

నేను భాయ్‌నే చూస్తున్నాను, ఇంకా ఆయన మీదే అనుమానంతో. కదిలింది వేరే మనిషి. వడ్రంగి ముందుకు వచ్చి ఆ మూట ముడి విప్పేశాడు.

ధాన్యం గింజలు, గోధుమలు, కందులు, పెసలు, ఉలవలు, ఇంకా ఏవో. ఒక పసుపు కొమ్ము. ఒక చిల్లర నాణెం.

"మావైపు గుమ్మం నిలబెట్టేటప్పుడు నవధాన్యాలు మూట కట్టి కింద పెడతామండి" అని భాయ్‌తో అన్నాడు. "మా నాన్న పెట్టకుండా ఒక్క తలుపు బిగించలేదు. దీని గుమ్మమేమో ఇనుప చట్రం, కింద సందు లేదు. ఇంటి మొత్తానికి సందు ఉన్నది ఈ తొట్టి దగ్గరే. ముదీర్‌కి చెబితే పెట్టనివ్వడు కదా."

భాయ్ దాన్ని హిందీలో చెప్పాడు. ముదీర్ మండిపడ్డాడు. ఇది ఇల్లు కాదు, చేపలు పట్టే డబ్బా అన్నాడు.

"తలుపు ఉంది. లోపల మనిషి కూర్చుంటాడు. ఇల్లేనండి" అన్నాడు వడ్రంగి.

ముదీర్‌కి ఇంకా నమ్మకం కుదరలేదు. గింజల్లో సన్నటి తెల్లటివి వేలితో పక్కకు జరిపి, ఇవేమిటి అని అడిగాడు. దూరం నుంచి అవి అచ్చం గసగసాల్లా ఉన్నాయి. భాయ్ చిటికెడు తీసి నోట్లో వేసుకుని నమిలాడు. అందరం ఆయన దవడ వైపు చూస్తూ నిలబడ్డాం.

"తిల్ హై సాబ్. నువ్వులు" అన్నాడు.

తెల్లాయనకు కూడా భాయ్ ఇంగ్లీషులో వివరించాడు. ఆయన ముచ్చట పడలేదు, కోప్పడలేదు. ఇది బయటపడడం మంచిదైంది అన్నాడు. తమ రేవులో ప్రతి పెట్టెనూ మిషనులో పెట్టి చూస్తారట, అనుమతి లేని గింజలు కనబడితే శీతాకాలమంతా ఇల్లు రేవులోనే పడి ఉండేదట. తరవాత సందులోకి లైటు వేసి, తీగతో చుట్టూ తడిమి చూశాడు. ఫోమ్ ఎక్కడైనా బొటనవేలంత తప్పినా, తొట్టిలో నీళ్ళు అక్కడి నుంచే గడ్డకడతాయట, ఎర చేపలు చస్తాయట. తను వచ్చి చూడాలన్నది అందుకేనట.

ఇక నాకు ధైర్యం వచ్చి, చేతొడుగుల సంగతి, తెరల సంగతి భాయ్‌ని అడగమన్నాను. ఆ చలికి ఉత్త చేత్తో ఏదీ పట్టుకోలేరట. ఇల్లు చీకటిగా ఉంటే కింద కన్నంలోంచి నీళ్ళ అడుగు దాకా కనబడుతుందట, చేపలు తిరుగుతుంటే గాజులోంచి చూసినట్టు. నేనూ వడ్రంగీ ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. మేమిద్దరం కలిసి చేసిన దర్యాప్తు అలా ముగిసింది.

వడ్రంగి వీసా రద్దు చేస్తానన్నాడు ముదీర్.

"చెయ్యండి సాబ్. తలుపు సగమే బిగించినాడు. మిగతా సగం మీరు బిగిస్తారా?" అని భాయ్ హిందీలోనే అడిగాడు. ముదీర్ ఆఫీసు గదిలోకి వెళ్ళిపోయాడు. ఆ కోపం అక్కడి ఏసీలో చల్లబడింది. నా టికెట్టు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఫోమ్ పోశారు. తొట్టిని పరీక్షించడానికి చేపల మార్కెట్టు నుంచి ఐసు బస్తాలు తెప్పించి చుట్టూ పేర్చారు. లోపల నీళ్ళు నింపి, రంగుచేపల దుకాణంలో కొన్న చిన్న చేపలను వదిలారు. మర్నాడు నేను కుట్టిన పట్టీ పట్టుకుని భాయ్ మూత ఎత్తాడు. చేపలు తిరుగుతున్నాయి. అల్ ఖూజ్ ఎండలో, కరగగా మిగిలిన ఐసు కోసం షెడ్డు షెడ్డంతా ఎగబడింది. భాయ్ ఒక గడ్డ తీసి టోపీలో పెట్టుకుని టోపీ నెత్తిన పెట్టుకున్నాడు.

నేను వడ్రంగితో మాట్లాడడం మానేశాను. మూట పెట్టినందుకు కాదు. నా టికెట్టు ఆపుతానన్నప్పుడు వాడు కాసేపు అలాగే నిలబడ్డాడు. ఆ కాసేపు నాకు గుర్తుండిపోయింది.

నేను బయల్దేరే రోజు వాడు మిషను దగ్గరకు వచ్చాడు. చేతిలో అదే ఎర్ర మూట.

"భయమేసిందక్కా. నాకూ వీసా ఉంది కదా" అన్నాడు. నేను సంచి సర్దుకుంటున్నాను. "ఊళ్ళో మా ఇంటికి గుమ్మం ఎత్తుతున్నారు. నాకు సెలవు దొరకలేదు. ఒక ఇంటికని కట్టిన మూట, ఊరికే పోకూడదు. మా ఆవిడకు ఇస్తావా?"

ఎవరి మూటా తీసుకోనని వాడికి తెలుసు. తెలిసే అడిగాడు. నేను ముడి విప్పి గింజలన్నీ మిషను బల్ల మీద పరిచాను. రకానికి రకం వేరు చేశాను. పసుపు కొమ్ము విరిచి చూశాను. నువ్వులు నాలుగు నోట్లో వేసుకుని నమిలాను.

"ఇంకా అనుమానమేనా నా మీద?"

"నీ మీద కాదురా. మూట మీద."

మళ్ళీ కట్టి, నా ముడి వేసి, చేతిసంచిలో పైనే పెట్టుకున్నాను. విమానాశ్రయంలో ఎవరైనా మీకు ఏమైనా ఇచ్చారా అని అడిగితే, ఇచ్చారు అని నేనే తీసి చూపించాను. తనిఖీ చేసే అమ్మాయి విప్పి చూసి, నవ్వి తిరిగి ఇచ్చింది. మళ్ళీ నా ముడే వేసుకున్నాను.

మా అమ్మాయికి మగపిల్లవాడు పుట్టాడు. పుట్టినప్పుడు నేను అక్కడే ఉన్నాను. పురుడు వెళ్ళాక రాజోలువైపు వెళ్ళాను. గుమ్మం చెక్కలు నిలబెట్టడానికి సిద్ధంగా ఉన్నాయి, నా కోసమే ఆగారట. వడ్రంగి భార్య మూట అందుకుంది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. గుంటలో పెట్టలేదు.

"ఈ ముడి మా ఆయనది కాదండి" అంది నా ముఖంలోకి చూస్తూ. "ఎవరు విప్పారు?"

"నేనేనమ్మా. చూసి మళ్ళీ కట్టాను."

"అలాగాండి" అని ఆవిడ అరుగు మీద కూర్చుంది. పళ్ళతో ముడి కొరికి, గింజలన్నీ పళ్ళెంలో పోసుకుని, ఒక్కొక్కటే చూడడం మొదలుపెట్టింది. నేను పక్కనే కూర్చుని, చూడడం అయ్యేదాకా ఆగాను.